గోల్‌కీపర్ చాచా పొట్టలో చరిత్ర

ఆదోనిలో మా కాలనీ ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర ఏ పుస్తకంలోనూ లేదు. అదంతా మా గోల్‌కీపర్ చాచా పొట్టలో ఉంది. ఎవరు అడిగినా ముందు పొట్ట నిమురుకొని, ఆ తర్వాతే మొదలుపెడతాడు.

మాకూ ఎమ్మిగనూరు టీముకూ మొదటినుంచీ ఒక ఒప్పందం. గెలిచినోళ్లు ఓడినోళ్లకు బొరుగుల ఉగ్గాని, బజ్జీ తినిపించాల. ఓడినోడు ఖాళీ కడుపుతో ఇంటికి పోకూడదని పెద్దలు పెట్టిన పద్ధతి. దాని పుణ్యాన ఏండ్ల తరబడి మేము కడుపునిండా తిన్నాము. చాచాకు స్కోర్లు గుర్తుండవు. "బజ్జీలో వాము ఎక్కువైన మ్యాచి" అంటే మాత్రం వెంటనే చెప్తాడు.

పోయిన ఏడు ఎట్లనో ఒక గోలుతో మేము గెలిచినాము. మేమంతా ఎగురుతాంటే చాచా బజ్జీల బండి వైపు చూస్తాండాడు. ఎమ్మిగనూరోళ్లు అప్పటికే ప్లేట్లు పట్టుకొని కూర్చున్నారు. చాచా మెల్లగా గోలు కొట్టినోని దగ్గరికి పోయి, "నిన్ను ఎవరు కొట్టమన్నారప్పా?" అన్నాడు. మా జేబులన్నీ దులిపితే వాళ్ల తిండికే సరిపోయింది. మేము నీళ్లు తాగి, వాళ్లు తింటాంటే చూస్తా నిలబడినాము.

మొన్న కాలనీకి కొత్తగా వచ్చిన బ్యాంకాయన మా టీములో చేరినాడు. "మనం ఎప్పుడైనా గెలిచామా చాచా?" అని అడిగినాడు.

చాచా పొట్ట మీదనుంచి చెయ్యి తీసేసినాడు.

"ఒకసారి గెలిచినాంలేప్పా. ఆ పొద్దు ఆకలికి సచ్చినాము."