చిలక్కి కుట్టిన చొక్కాలు

మా ఆయన ఆ చిలకను కొన్నది షాపు కోసం. నరసరావుపేట బస్టాండుకు దగ్గర్లో మాకు చిన్న సెల్‌ఫోన్ల షాపు ఉంది. అటూ ఇటూ అలాంటివే నాలుగైదు. జనం మా షాపు ముందే ఆగాలంటే ఏదో ఒక వింత ఉండాలని ఆయనకు తోచింది. విజయవాడ వెళ్లి పసుపూ నారింజా కలిసిన సన్ కాన్యూర్ అనే చిలక పిల్లను పట్టుకొచ్చాడు. మన రామచిలకను పెంచితే అటవీశాఖ వాళ్లు కేసు పెడతారు, ఇది విదేశీ జాతి కాబట్టి ఫర్వాలేదని అమ్మినవాడు చెప్పాడట.

పంజరం కౌంటరు మీద పెట్టాడు. దాని ఎదురుగా వీడియోలు తీసే గుండ్రటి లైటు బిగించాడు. వెనకాల స్పీకరు. పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా ఆ చిలక ఆ లైటులోనే, ఆ పాటల్లోనే. రోజుకు రెండు వీడియోలు. వచ్చినవాడల్లా పంజరంలోకి వేలు పెట్టేవాడు. తిండి అంటే డబ్బాలో పొద్దుతిరుగుడు గింజలు, అంతే.

నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. వీడియోల్లో దాన్ని చూసి మొదట్లో నేనూ మురిసిపోయాను. ఆ మాట దాచను.

కొన్ని నెలలకు పంజరం అడుగున పసుపు ఈకలు పడటం మొదలైంది. "ఈకలు మార్చుకునే కాలంలే" అన్నాడు మా ఆయన. తర్వాత రొమ్ము మీద రూపాయి బిళ్లంత బోడి కనిపించింది. అది పెరిగింది. ఒక మధ్యాహ్నం ఆయన చిలకను పట్టుకుని భోజనానికి వచ్చాడు.

"ఏమే, దీనికో చొక్కా కుట్టు. జబ్బు పిట్టా అని చానా మంది కామెంట్లు పెడుతున్నారు."

కుట్టాను. టేపు పెట్టి కొలత తీసుకుని, మిగిలిన ఎర్ర శాటిన్ ముక్కకు లైనింగ్ వేసి, వీపు మీద టిచ్ బటన్లు పెట్టి, రెక్కలు బయటికి వచ్చేలా కుట్టాను. ఆ వీడియోను అంతకు ముందు వాటన్నిటికంటే ఎక్కువ మంది చూశారు. ఉగాదికి ఒకటి, రంజాన్‌కు ఒకటి, క్రిస్మస్‌కు తెల్ల అంచు పెట్టి ఒకటి, ఎన్ని కుట్టానో. నవ్వుకుంటూ కుట్టాను. ఈ రోజుకీ నాకు మొగుడి మీద కంటే ఆ నవ్వు మీద ఎక్కువ కోపం.

పక్కింటి పిన్ని దిష్టి తగిలిందని పంజరానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. కొబ్బరినూనెలో పసుపు కలిపి రాయమంది. రాశాను. మిగిలిన ఈకలు జిడ్డుతో అట్టలు కట్టి, అది ఇంకా కసిగా పీక్కుంది.

తర్వాత కొలతకు తెచ్చినప్పుడు పాత చొక్కా విప్పితే లైనింగ్‌కు రక్తం అంటుకుని ఉంది. రొమ్మూ పొట్టా రెక్కల కిందా ఒలిచిన కోడిలా ఉంది. అక్కడక్కడా గీరుకుపోయిన గాట్లు. అది నా చేతిలో వణుకుతూనే, కొత్తగా మొలుస్తున్న ఒక ఈకను ముక్కుతో పట్టుకుని లాగేసింది. లాగి, కీచుమని అరిచింది. తనే పీక్కుని తనే అరిచింది.

బుట్టలో గుడ్డ పరిచి, దాన్ని కూర్చోబెట్టుకుని పశువుల ఆసుపత్రికి పోయాను. గేదెల మధ్య, మేకల మధ్య బుట్ట పట్టుకుని నిలబడితే అందరూ నన్ను వింతగా చూశారు. డాక్టరు గారు దాన్ని తిప్పి తిప్పి చూశారు.

"చూడమ్మా, నేను గేదెల డాక్టర్ని. పేలూ పురుగులూ అయితే కనపడటం లేదు. కానీ తల చూడు, ఒక్క ఈక ఊడలేదు. దాని ముక్కుకు తల అందదు కదా. అందిన చోటల్లా అదే పీక్కుంటోంది."

ఆయనే గుంటూరులో పిట్టలకు వైద్యం చేసే తన స్నేహితుడికి ఫోను కలిపి స్పీకరు పెట్టారు. ఆ గుంటూరు డాక్టరు అడిగాడు: ఏం తింటుంది? ఎన్ని గంటలు పడుకుంటుంది? పగలంతా ఏం పని చేస్తుంది? స్నానం చేయిస్తారా? ఒక్కోదానికీ ఉన్నదున్నట్టు జవాబు చెప్పాను. చొక్కాల సంగతీ చెప్పాను.

"పుండు మానేదాకా మెత్తటి గుడ్డ వేయొచ్చమ్మా, కొన్నింటికి మేమే వేయిస్తాం. శాటిన్ వేసి లైటు ముందు కూర్చోబెడతారా ఎవరైనా?"

ఆ వారంలోనే గుంటూరు తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాను. లోపల రోగమేమీ లేదన్నాడు. నిద్ర లేదు, చెయ్యడానికి పని లేదు, సరైన తిండి లేదు, ఒక్క క్షణం నెమ్మది లేదు, అందుకే ఈకల మీద పడిందన్నాడు. పుండుకు మందిచ్చి, షాపులోంచి తీసేయమన్నాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వాడు.

"పిట్టకు నిద్ర చాలలేదంట, దిగులంట! విన్నోళ్లు నవ్విపోతారే."

"నిన్ను ఆ లైటు ముందు పొద్దంతా కూర్చోబెడితే నువ్వేం పీక్కుంటావయ్యా?" అన్నాను. అన్నం కంచం తోసి లేచిపోయాడు. కానీ చిలకను ఇంట్లోనే వదిలాడు. ఒప్పుకున్నాడనుకున్నాను.

ఒక ఆదివారం కుట్టిన జాకెట్లు ఇచ్చి వచ్చేసరికి పంజరం లేదు. పెట్టెలో దాచిన బంగారు రంగు చొక్కా కూడా లేదు. మెడలో టేపు అలాగే ఉంది, అలాగే షాపుకు నడిచాను. ఎండలో ఎలా నడిచానో గుర్తు లేదు.

కొత్త ఫోను వచ్చిందని లైవ్ పెట్టాడు. "ఫ్రెండ్స్, ఈరోజు మన బంగారం కొత్త డ్రెస్సులో వచ్చింది" అంటున్నాడు. నేను నేరుగా ఫోను ముందుకు వెళ్లి, చిలకను చేతిలోకి తీసుకుని, టిచ్ బటన్లు పటపట లాగి, చొక్కా తీసేసి, మందు రాసిన ఆ రొమ్మును కెమెరాకు ఆనించినంత దగ్గరగా పెట్టాను.

"చూడండి. మీరు ముద్దుగా ఉందని లైకులు కొట్టిన పిట్ట ఇది. ఈ చొక్కాలు కుట్టింది నేనే. సిగ్గు లేక కుట్టా."

అది భయంతో నా వేలు కొరికింది. రక్తం వచ్చింది. మా ఆయన ఫోను ఆపేసి నా మీదికి చెయ్యెత్తాడు. కౌంటరు దగ్గర ముగ్గురు కస్టమర్లు ఉన్నారు కాబట్టి దించాడు. వాళ్లు లేకపోతే ఏమయ్యేదో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. పంజరం తీసుకుని ఆటో ఎక్కాను.

లైవ్‌లోని ఆ ముక్కను ఎవరో కోసి ఊరంతా పంపారు. రెంటచింతల నుంచి మా అమ్మ ఫోను చేసింది.

"పిట్ట కోసం మొగుడి పరువు తీస్తావటే నువ్వు? ఏం పుట్టిందే నీకు?"

కామెంట్లూ అవే. పొగరుబోతు ఆడది, మొగుణ్ణి బజారుకీడ్చింది. పిట్ట ఎలా ఉందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

పంజరాన్ని నా కుట్టుమిషను దగ్గర, వంటింటి పొగ రాని మూలలో పెట్టాను. చీకటి పడగానే పైన ముదురు నీలం గుడ్డ కప్పి, గదిలో లైటు ఆర్పి, నేను మిషను వసారాలోకి జరుపుకునేదాన్ని. గింజలు తగ్గించి మునగాకు, జామకాయ, మొక్కజొన్న, ఉడికించిన గుడ్డు ముక్క అలవాటు చేశాను. మునగాకు మూడు వారాలు నా మొహాన విసిరికొట్టింది. పొద్దున్నే స్ప్రే డబ్బాతో నీళ్లు చల్లితే రెక్కలు చాచి తడిసేది. తాటాకు చీలికలు, మొక్కజొన్న బెండ్లు, వేరుశెనగ గింజ చుట్టిన కాగితం ఉండలు పెట్టేదాన్ని, ఈకల బదులు వాటిని చించుకోమని. కాళ్లకు చుట్టుకుంటాయని దారపు పోగు ఒక్కటి కూడా నేల మీద ఉంచేదాన్ని కాదు.

అన్నిటికంటే కష్టమైంది ఒకటుంది. అది పీక్కుంటుంటే అరవొద్దన్నాడు డాక్టరు. అరిస్తే మనం చూస్తున్నామని ఇంకా పీకుతుందట. నోరు మూసుకోవడం నా పుట్టుకలో లేదు. పళ్లు బిగబట్టి మిషను తొక్కేదాన్ని. ఆ రోజుల్లో కుట్టిన జాకెట్లలో కుట్లు ఎంత బిగుతుగా పడ్డాయో తొడుక్కున్నవాళ్లకే తెలియాలి.

పొట్ట మీదా రెక్కల కిందా ముళ్లలా కొత్త ఈకలు వచ్చాయి. రోజూ చూసుకునేదాన్ని. మే నెలలో మా వీధిలో పెళ్లికి మా గోడకానుకుని పాటల బాక్సులు పెట్టారు. ఒక్క పూటలో ఆ ఈకలన్నీ పీకేసుకుంది. గది నిండా పసుపు. నేను కత్తెర తీసి గోడకేసి కొట్టాను.

సరిగ్గా అప్పుడు మా ఆయన భోజనానికి వచ్చాడు. మా మధ్య అప్పటికి చాలా రోజులుగా మాటల్లేవు. నేల వంక చూశాడు, చిలక వంక చూశాడు.

"నన్నేం చెయ్యమంటావే?" అన్నాడు.

"పెళ్లోళ్ల దగ్గరికి పోయి ఆ బాక్సులు ఆపించు."

పోయాడు. వాళ్లతో గొడవపడ్డట్టు ఇక్కడికి వినపడింది. కాసేపటికి బాక్సులు పక్క వీధి వైపు తిప్పారు. వచ్చి చెమట తుడుచుకుని అన్నం పెట్టమన్నాడు. పెట్టాను.

మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాను. ఇప్పుడు పొట్ట మీదా రెక్కల కిందా ఈకలు నిండుగా ఉన్నాయి. రొమ్ము మీద అరచేతిలో సగమంత చోట మాత్రం ఇక రావు. అన్నిసార్లు పీకితే ఈకల కుదుళ్లు చచ్చిపోతాయని డాక్టరు చెప్పాడు. జాకెట్ల కోసం వచ్చినవాళ్లు అదేంటమ్మా అని అడుగుతారు. షాపులో పెట్టాం, మేమే చేశాం అని చెబుతాను. మా ఆయన ఇంట్లో ఉన్నా అదే చెబుతాను.

"ఇప్పుడు బాగానే ఉందిగా, ఒక్క వీడియో తీసుకుంటా" అని మొన్న అడిగాడు. ఫోను జేబులో పెట్టుకోమన్నాను. పెట్టుకున్నాడు. చిలక ఆయన భుజమెక్కి చెవి కొరుకుతుంటే నవ్వుతున్నాడు. దానికి ఆయన మీద కోపం లేదు. నాకుంది.