మూడు పాయింట్ ఆరు

సెలవులకని మా అమ్మాయి ఈ ఉదయమే మణుగూరు వచ్చింది. కెమికల్ ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతోంది. ఒక లెక్క దగ్గర ఆగిపోయి నన్ను పిలిచింది. పైపులో గంటకు ముప్పై ఆరు కిలోమోల్స్ గ్యాస్ పోతుంటే, సెకనుకు ఎన్ని మోల్స్ పోతున్నట్టు?

నాకు భలే సంబరమైంది. నేను పనిచేసే కెమికల్ ప్లాంటులో నా పనే అది. కిలో అంటే వెయ్యి, గంటంటే మూడువేల ఆరువందల సెకన్లు అంటూ మొదలుపెట్టాను. తను తలూపుతోంది గానీ చూపు ఫోను మీదే ఉంది.

అంతలో నాతో పాటే పనిచేసే పక్కింటి సమ్మయ్య వచ్చాడు.

"గింతదానికి గంత తిప్పలేంది బిడ్డా? మూడు పాయింట్ ఆరుతోని భాగించు, పది వస్తది," అన్నాడు.

"అవ్ కాకా, ఎంత జల్దీ అయిపోయింది! నాన్న చెప్తే ఏం సమజ్ కాలే," అంటూ పుస్తకం పట్టుకుని సమ్మయ్య వెంట వాళ్లింటికే పోయింది.

నేను చెప్పిన మూడువేల ఆరువందలను వెయ్యితో భాగిస్తే వచ్చేదే ఆ మూడు పాయింట్ ఆరు! ఆ మాట వినడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

సాయంత్రం మిగతా లెక్కలన్నీ పూర్తిచేసుకుని వచ్చింది. సమ్మయ్య చెప్పినదాంట్లో ఎక్కడో ఒక తప్పు దొరక్కపోతుందా అని రెండుసార్లు చూశాను. ఒక్కటీ దొరకలేదు.

కన్నబిడ్డ లెక్క తప్పితే బాగుండునని కోరుకున్న తండ్రిని నేనొక్కడినేనా, మీలో ఇంకెవరైనా ఉన్నారా?