ఆరోదీ తొమ్మిదోదీ

ఎనభై ఆరు మార్చిలో, మిరపకాయలు కల్లంలో ఎండుతుండగా, మా తమ్ముడికి రక్త క్యాన్సరని తేలింది. వాడి కూతురి పెళ్లి అప్పటికే ఖాయమైంది. జబ్బు క్రోమోజోముల్లో ఉందట అని వినగానే, కాబోయే వియ్యపురాలు నాతోపాటు గుంటూరు ఆసుపత్రికి బయల్దేరింది.

"వంశంలో ఉన్నది దాచి పిల్లనిస్తున్నారేమో, ఎవరు చూడొచ్చారండీ?" అంది బస్సులోనే. నాకు కోపం రాలేదు. వంశంలో ఉందేమోనన్న అనుమానం నాకూ ఉంది.

డాక్టరుగారు మద్రాసు నుంచి వచ్చిన రెండు క్రోమోజోముల ఫొటోలు బల్ల మీద పెట్టారు. వెనక్కి తిప్పి, పేరు మావాడిదేనని చూసుకుని, ఒక్కొక్కటే లెక్కపెట్టాను. మనిషికి ఉండాల్సినట్టే, రెండింట్లోనూ నలభై ఆరే ఉన్నాయి.

"లెక్క సరిపోయింది గదండీ, మరి తేడా ఎక్కడ?" అన్నాను.

"ఇది ఎముక మజ్జదమ్మా. ఇందులో ఆరోదీ తొమ్మిదోదీ ముక్కలు మార్చుకున్నాయి. చాలా అరుదు. ఆ రెండోది ఆయన మామూలు కణాలది, అందులో మార్పు లేదు. అంటే పుట్టుకతో వచ్చింది కాదు, పిల్లలకు పోదు."

"మమ్మల్ని ఊరడించడానికి చెప్పడం లేదు గదా?"

"ఊరడించాలనుకుంటే, ఆయన బతుకుతాడని చెప్పేవాణ్ణమ్మా."

వియ్యపురాలు రెండు ఫొటోలనూ కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూసింది. "అయితే ముహూర్తం ముందుకు జరుపుదామండీ. తండ్రి చూడాలిగా" అంది.