అక్షరాలున్న బిళ్ల

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే బస్సులో నా పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. చేనులో గుంత తవ్వుతుంటే దొరికిన రాగి బిళ్లలను ఒళ్లో తువ్వాలు మీద పోసుకుని, మెత్తని బ్రష్షుతో మట్టి దులుపుతున్నాడు. అక్షరాలు కనబడేవి ఒక పక్కకు, అరిగిపోయినవి ఇంకో పక్కకు ఏరుతున్నాడు.

"గట్టిగా రుద్దితే అక్షరాలు పోతాయప్పా" అంటూ అన్నిటికన్నా బాగున్నదాన్ని చూడమని నా చేతికిచ్చాడు. "నీది యా ఊరు?"

చెప్పాను. ఆయన చేయి ఆగిపోయింది. ఆ రోజుల్లో మా ఊరంటే అందరికీ గుర్తొచ్చేది అక్కడి ఫ్యాక్షన్ నాయకుడూ, ఆయన మనుషుల బాంబులూ.

బిళ్ల తిరిగి ఇవ్వబోతే నా గుప్పిట మూసేశాడు. అంతదాకా అప్పా అన్నవాడు సార్ అన్నాడు.

"ఉండనీండి సార్. మీ పెద్దాయనకు ఇయ్యండి. మా పిల్లోళ్లు యా పార్టీలోనూ తిరగరని చెప్పండి."

"నేను బళ్లో అయ్యవారిని తాతా. ఆయన గడప కూడా తొక్కలేదు."

"సరే సార్, సరే" అంటూనే మూట కట్టుకుని, దారిలోనే బస్సు ఆపించి దిగిపోయాడు. కిటికీలోంచి బిళ్ల అందించబోయాను. అందుకోలేదు. అంత వయసున్న మనిషి రోడ్డు మీద నిలబడి నాకు దండం పెట్టాడు.

ఆ తర్వాత బస్సుల్లో ఎవరు అడిగినా నాది ప్రొద్దుటూరనే చెప్పాను.