వెల్లకిలా పెట్టిన మూత

వీధి చివరి షెడ్డులో బళ్ళకు రంగులేసే మనిషిని అందరూ ‘అద్దం’ అనే పిలుస్తారు. ఆయన క్లియర్ కొట్టిన కారు డోరులో చూసుకుని తల దువ్వుకోవచ్చు మరి! క్లియరంటే రంగు మీద వేసే మెరుపు పూత. అందులో హార్డెనర్ కలిస్తేనే గట్టిపడుతుంది, లేకపోతే జిగురే. చేయి ఎంత మంచిదో, మతిమరుపు అంత గొప్పది. అందుకే హార్డెనర్ కలపగానే డబ్బా మూతను వెల్లకిలా పెడతాడు. బోర్లా ఉంటే ఇంకా కలపలేదని గుర్తు.

ఆ రోజు షెడ్డులో ఉన్నది సొంత అక్క కారు. మనవలు పుట్టాక పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకున్న మనిషి. మర్నాడు తనే నడుపుకుంటూ వస్తానని కూతురికి మాటిచ్చింది. బావ అప్పటికే “ముందు గేటు దాటు, చూద్దాం” అని దెప్పాడు.

స్ప్రే గన్ కప్పులో క్లియర్ పోసి అద్దం మంచినీళ్ళకు వెళ్ళాడు. కారు కోసం వచ్చి కూర్చున్న అక్క చేతులు ఊరుకుంటాయా? బల్ల తుడిచి, బోర్లా ఉన్న మూతను వంటింటి పద్ధతిలో వెల్లకిలా తిప్పింది. ఆయన వచ్చి మూత చూశాడు, కలిపేశాననుకున్నాడు, మాస్కు కట్టుకుని కారంతా కొట్టేశాడు.

సాయంత్రం ఓ మూల వేలు పెడితే వేలు అంటుకుంది.

“అక్కా, మూత నువ్వు తిప్పావా?”

“తిప్పానురా. లోపలి వైపు మట్టంటుకోదూ?”

“కొంప ముంచావే తల్లీ! మొత్తం తుడిచి మళ్ళీ వెయ్యాలి. రేపటికి కాదు.”

ఆమె మొహం వాడిపోయింది. “ఇంకేముంది, మీ బావ నోటికి పని దొరికింది.”

“నాదీ తప్పే. నోటితో చెప్పాల్సింది మూతకి అప్పజెప్పాను. గుడ్డ అందుకో.”

ఇద్దరూ థిన్నరుతో తుడిచారు. క్లియరుతో పాటు రంగూ లేచింది. మర్నాడు గరుకు పేపరుతో రుద్ది, మళ్ళీ రంగేశాక, ఆయన హార్డెనర్ డబ్బా అక్క చేతిలోనే పెట్టాడు.

“ఈ గీత దాకా పొయ్యి.”

చుక్క ఒలక్కుండా పోసింది. కొట్టడం అయ్యాక కూతురికి ఫోన్: “రేపు వస్తున్నానే. ఆలస్యమైతే ఏం, నా కారుకి నేనే మందు కలిపాను!”

మర్నాడు పూత గట్టిగా నిలిచింది. అక్క గేరు వేసి, ఒకసారి ఆగిపోయి, మళ్ళీ స్టార్ట్ చేసి, మలుపు తిరిగిపోయింది. ఆ పూటంతా అద్దం ఈల వేసుకుంటూనే పని చేశాడు.