గుడియాత్తంలో సినిమా విన్న రోజు

ఉదయం ఆరుంబావుకు తొరపాడిలో మా వీధి కొళాయికి నీళ్ళు వచ్చాయి. రెండు బిందెలు పట్టి లోపల పెట్టి, టేప్‌రికార్డర్‌ను గుడ్డసంచిలో సర్దుకుని బయలుదేరాను. గుడియాత్తం వెళుతున్నది ఒక పాత సినిమా వినడానికి. చూడడానికి కాదు.

కారణం ముందే చెబుతాను. మా అక్క ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, పోయింది. అంతకు చాలా ఏళ్ళ ముందే గొంతుకు ఆపరేషన్ జరిగి ఆమె మాట పోయింది. మా ఇంట్లోకి ఫోన్లు వచ్చింది ఆ తర్వాతే. అందుకని ఆమె ఫొటోలు చాలా ఉన్నాయి, గొంతు ఎక్కడా లేదు. ఒక్క ఆశ మిగిలింది. పక్కింటి రుక్మిణి, నాకు రుక్కక్క, మా అక్కకు స్నేహితురాలు. మేము టీవీ ముందు టేప్‌రికార్డర్ పెట్టి పట్టిన సినిమా క్యాసెట్లను పెళ్ళై గుడియాత్తం పోయేటప్పుడు ఆమె తనతో తీసుకుపోయింది. అక్క పోయిన పదహారో దినం కర్మకు వచ్చినప్పుడు, వాటిలో ఒకటి ఇంకా ఉందని రుక్కక్క చెప్పింది. ఆడించే మిషను మాత్రం ఆమె దగ్గర లేదు.

ఆ రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఏదో ఒక భాష సినిమా వచ్చేది. తెలుగు వంతు ఎప్పుడో గాని వచ్చేది కాదు. వచ్చిన రోజు వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళంతా మా ఇంటికి చేరేవాళ్ళు. మాట్లాడడం వరకే. మేమంతా తమిళ బళ్ళలో చదివాం. అక్క ఒక్కతే చిత్తూరులో అమ్మమ్మ ఇంట ఉండి తెలుగు బడికి వెళ్ళింది. తెర మీద పేర్లు పడుతుంటే ఆమె పైకి చదివేది. నటీనటులు, మాటలు, పాటలు, చివరికి మేకప్ చేసినవాళ్ళ పేర్లు కూడా. అవి అయ్యేదాకా ఎవరూ కదిలేవారు కాదు. ఆ చదివిన గొంతు టేపులో పడి ఉంటుందనే నా ఆశ. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఆమె పక్కన కూర్చునే. గొంతు పోయాక ఆమె చెప్పాలనుకున్నది పలక మీద తమిళంలో రాసి చూపేది. తెలుగులో రాస్తే ఇంట్లో చదవగలిగేది నేనొక్కడినే.

తొరపాడి నుంచి వేలూరు పాత బస్టాండుకు ఒక బస్సు, అక్కడి నుంచి కాట్పాడికి మరొకటి. స్టేషన్ ఎదుట ఇడ్లీ తిన్నాను. చట్నీలో ఉప్పు ఎక్కువైంది. ప్యాసింజరు తొమ్మిది దాటాక కదిలింది. టికెట్ బస్సు కంటే తక్కువే, కానీ గుడియాత్తం స్టేషన్ ఊరికి దూరం. దిగాక షేర్ ఆటో ఎక్కక తప్పదు.

లత్తేరిలో లుంగీల మూటతో ఒక పెద్దాయన ఎక్కి నా ఎదుట కూర్చున్నాడు. సంచిలోకి తొంగిచూశాడు.

"ఏంది నాయనా ఆ డబ్బా? పాతసామాన్ల అంగడికా?"

"కాదప్పా, ఇంకా పాడతాది."

"అట్లనా! మా నాయన దీంట్లో సినిమా మాటలు పెట్టుకోని ఇనేవాడు. బొమ్మ లేకుండానే ఏడ్సేవాడు. ఈయనకు కండ్లెందుకు, చెవులుంటే సాలునని మాయమ్మ ఎత్తిపొడిచేది."

రుక్కక్క ఇల్లు చేరేసరికి పదిన్నర. వీధి పొడవునా మగ్గాల చప్పుడు.

"వచ్చినావా అప్పా? ఏంది ఇంత సన్నబడినావు? మిషను తెచ్చినావా?"

కోడలు సెల్వి లోపలి నుంచి అందుకుంది. "పొద్దున్నించీ వాకిట్లోనే కూర్సోని ఉండాది మా అత్త. మీకోసం కాదు మామా, ఆ మిషను కోసం."

క్యాసెట్ పట్టుచీర మడతలో ఉంది. నాఫ్తలిన్ వాసన వేస్తోంది. రుక్కక్క టేప్‌రికార్డర్‌ను టీవీ పక్కన పెట్టించింది. నేను మొదటి వైపు వేశాను. కాసేపు బుసబుస శబ్దం, ఆ వెంటనే ఒక తల్లి కొడుకును తిడుతున్న మాటలు. సినిమా మొదలైపోయింది.

"పేర్లు యాడక్కా?" అన్నాను.

"పేర్లా? మీ అక్క సదివేది అయినాకనే కదా నేను బటన్ నొక్కేది. పేర్లు పట్టి సుమ్మా ఊరికే టేపు వేస్టు చేసేదెందుకని."

"సినిమా నడిచేటప్పుడన్నా ఏమన్నా మాట్లాడింటాదేమో."

"ఆమెనా? నోట్లో గుడ్డ పెట్టుకున్నట్ల కూర్సునేది. మనం దగ్గినా గిల్లేది. దీనికోసమా ఇంత దూరం వచ్చినావు? ముందే సెప్పింటే రావద్దనేదాన్ని కదా నాయనా."

ఆమె చెప్పాక నాకూ గుర్తొచ్చింది. పేర్లు చదవడం, టేపు తిరగడం నా జ్ఞాపకంలో ఒకటిగా కలిసిపోయాయి. నిజానికి అవి ఎప్పుడూ కలవలేదు.

అన్నం, అనపగింజల పులుసు పెట్టారు. తిన్నాక రుక్కక్క నన్ను లేవనివ్వలేదు. "వచ్చినావు కదా, సినిమా అయినా ఇనిపో" అని క్యాసెట్ తానే రెండో వైపు తిప్పి వేసింది. ప్రతి మాటా ఆమెకు ముందే తెలుసు. "ఇప్పుడు వానలో నిలబడుకోనుంటాడు సూడు" అంటుంది. నేను మిషను వైపు చూస్తాను.

"ఇద్దరూ డబ్బాను అట్ల సూస్తా ఉండారే, దాంట్లోనుంచి ఎవురన్నా దిగొస్తారా?" అంది సెల్వి.

ఒక పాట ముగిసింది. ఆ వెంటనే, చాలా దగ్గరగా, ఒక ఆడగొంతు.

"విశ్రాంతి! లేయండి, లేయండి. రుక్కూ, కాఫీకి నీళ్ళు పెట్టు మే. ఇంకా తిప్పతా ఉండావా దాన్ని? ఆపు మే!"

టక్కుమని శబ్దం. మళ్ళీ సినిమా.

అక్క గొంతు నేను అనుకున్నదాని కంటే కీచుగా ఉంది. సినిమా మాటలు నడుస్తూనే ఉన్నాయి. రుక్కక్క చెయ్యి చాచి ఆపింది.

"దీనికే ఆ దినమంతా నన్ను తిట్టింది" అంది. "తెర మీద విశ్రాంతి పడతానే ఆపల్ల. నేను ఆ పాటలో పడి మర్సిపోయినా. టేపంతా పాడుచేస్తివే అని ఒకటే పోరు."

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాం. రెండోసారి నా ఫోన్‌లో పట్టుకున్నాను. సెల్వి కూడా పని మాని వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆమె మా అక్కను మాట పోయాకనే చూసింది. "ఇట్ల మాట్లాడేదా పెద్దమ్మ?" అని అడిగింది.

"ఇంతకంటే గట్టిగా" అంది రుక్కక్క.

బయలుదేరేటప్పుడు క్యాసెట్ ఇవ్వమని అడుగుదామనుకున్నాను. ఆమె దాన్ని అప్పటికే చీర మడతలో పెట్టేసింది. "ఇది ఈడనే ఉండనీ అప్పా. మిషను కూడా పెట్టిపో. ఇనాలంటే నువ్వే రా." సరేనని మిషను అక్కడే వదిలాను.

సాయంత్రం ఐదు దాటాక రైలు వచ్చింది. ఖాళీ సంచి మడిచి జేబులో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఎదుట సీట్లో ఒకామె ఫోన్‌లో నలుపూ తెలుపూ తెలుగు సినిమా పెట్టుకుంది. పేర్లు పడుతున్నాయి. రెండు చదివానో లేదో, ఆమె బొటనవేలితో ముందుకు జరిపేసింది.

"పేర్లు సూడవా అమ్మా?"

"సదవను రాదు నాయనా. కత ఉంటే సాలు" అని ఆమె వినడంలో పడింది.

కాట్పాడిలో దిగేసరికి దీపాలు వెలిగాయి. మా వైపు తెలుగిళ్ళలో పాత సినిమాలు ఇప్పుడు అప్పటికంటే ఎక్కువే చూస్తారు. ఆదివారం కోసం ఆగనక్కరలేదు, వంతు కోసం కాచుకోనక్కరలేదు. పేర్లు మాత్రం ఎవరూ పైకి చదవరు.