పై బోల్టు గుప్పిట్లో

మొన్న ఖమ్మంలో గేర్ ఆయిల్ కొందామని ఒక పెద్ద అద్దాల దుకాణంలోకి వెళ్తే, కౌంటర్ దగ్గరున్న యువకుడు నా వ్యాను మోడల్ పేరు ఫోన్‌లో కొట్టి, మళ్లీ కొట్టి, చివరికి జాలిగా నా వంక చూసి, "అంకుల్, గా బండి లిస్టులనే లేదు" అన్నాడు. లిస్టులో లేనిది బండో నేనో తేలలేదు గాని, లేని బండికి నూనె మాత్రం టక్కున తీసి పెట్టాడు. మెరిసే డబ్బా, దాని మీద జీఎల్ ఫైవ్ అని పెద్ద అక్షరాలు. నాకు కావాల్సింది ఫోర్ నాయనా అంటే, ఫోర్ కన్నా ఫైవ్ పెద్దది కదా అని లెక్కలు నేర్పాడు. ఒళ్లు మండింది. అతని మీద మండిందని చెబితే అబద్ధం. సరిగ్గా అదే లెక్క వేసి ఒకప్పుడు బోల్తాపడ్డవాణ్ణి నేను.

ముందు అసలు గొడవ చెప్పాలి. నా వ్యానుకు కొన్నాళ్లుగా మూడో గేరు వేస్తే గరగరమంటోంది. ఈసారి నూనె మార్చినా సాఫీగా పడకపోతే బండిని తుక్కుకు వేసుడే అని మా ఇంటామె తీర్పు చెప్పేసింది. మా ఇంట్లో ఆమెకు పై కోర్టు లేదు.

ఇదే వ్యానుతో బూర్గంపాడులో నా బతుకు మొదలైంది. మిరప కోతలకు అడవి అంచు ఊళ్ల నుంచి కూలీలను తెచ్చి సాయంత్రానికి దించి రావడం, కోతలు లేని రోజుల్లో బొగ్గుగనుల కాలనీ కుటుంబాలను భద్రాచలం దర్శనానికి తిప్పడం. గోదావరి వంతెన మీద తప్ప నాలుగో గేరుకు పని ఉండేది కాదు. ఆ మట్టి బాటల్లో నాకు అన్నం పెట్టింది మూడో గేరే. దాన్ని కాపాడింది మా మెకానిక్ ఉస్తాద్. తాత ముత్తాతల నుంచి ఇనుముతోనే బతికిన ఇల్లు వాళ్లది. డబ్బా మీద రాతలు ఆయన చదివేవాడు కాదు, నూనెను వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, పనికొస్తే తలూపేవాడు, రాకపోతే మూత పెట్టి పక్కన పెట్టేవాడు.

అటువంటి మనిషి వారం రోజులు చుట్టాలింటికి పోయిన సమయం చూసి, నేను ఖమ్మంలో ఖరీదైన ఫైవ్ కొని, ఇంకో షెడ్డులో పోయించి, నా బండికి కొత్త బట్టలు కుట్టించినంత సంబరపడ్డాను. రెండో ఏడు మిరప కోతలకల్లా మూడో గేరు మొరాయించింది. ఉస్తాద్ నూనెను పళ్లెంలోకి తీసి, ఎండకు వంచి చూపించాడు. నల్లటి నూనెలో పసుపు పచ్చని మెరుపులు.

"ఇంట్ల బీబీకి పెట్టలే గాని, గేర్‌బాక్సుకు మస్తు బంగారం పెట్టినవ్ తమ్మీ!"

అది బంగారం కాదు, లోపలి ఇత్తడి రింగుల పొడి. గేరు మారేటప్పుడు పళ్లు గుద్దుకోకుండా ఒక వేగానికి తెచ్చేవి ఆ రింగులే. నేను పోయించిన నూనె వెనక ఇరుసు మధ్యలోని క్రౌన్‌కు పోసేదట. అందులో ఇనుమును కాపాడే మందు ఇత్తడిని తినేస్తుందట. కొత్త రింగులు వచ్చేసరికి కోతలు అయిపోయాయి. ఆ ఏడు నాకు మిరపకాయ మండలేదు, కడుపే మండింది.

ఉస్తాద్‌కు ఇంకో పద్ధతి ఉండేది. గేర్‌బాక్సుకు రెండు బోల్టులు: పక్కన పై వైపున ఉన్నది నూనె పోయడానికి, అడుగున ఉన్నది తీయడానికి. ఆయన ముందు పై బోల్టు విప్పి, దాన్ని బండి యజమాని అరచేతిలో పెట్టి, వేళ్లు తానే మూసేవాడు. అది గుప్పిట్లో పడ్డాకనే కింది బోల్టు మీద పానా వేసేవాడు. ఎందుకని అడిగితే, పోసే తొవ్వ తెరుచుకోకముందే ఉన్నది ఒంపేస్తే బండి ఇటూ పోదు, అటూ రాదు అన్నాడు. పని అయ్యేదాకా ఆ జిడ్డు బోల్టు పట్టుకుని నిలబడటం నాకు చిన్నతనంగా ఉండేది.

సరే, మొన్న ఓ పాత దుకాణంలో ఫోర్ దొరికింది. కల్లూరు దారిలో ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. మెకానిక్‌ది మంచి చెయ్యి, పేరు పెట్టడానికి లేదు. నేను డబ్బా మూత తీసి వాసన చూస్తుంటే, "నూనెను వాసన చూసుడేంది పెద్దనాయనా?" అన్నాడు నవ్వుతూ. అంతే, నా నోటి బోల్టు ఊడిపోయింది. పాత టైరు మీద కూర్చుని ఉస్తాద్ వేళ్లు, పళ్లెంలో బంగారం, అన్నీ చెప్పుకొచ్చాను. అతను బండి కింద పడుకుని అవ్, అవ్ అంటున్నాడు. పై బోల్టు ముచ్చటకొచ్చి, ఇదిగో ఇట్లా మూసేవాడు అని గుప్పిట చూపిస్తుండగా, కింద పళ్లెంలో బుడబుడమని చప్పుడైంది.

ఒంగి చూస్తే కింది బోల్టు తీసేశాడు. పై బోల్టు తుప్పుతో బిగుసుకుంది. పానా వేసి తిప్పితే బోల్టు తిరగలేదు, దాని అంచులే అరిగి గుండ్రమయ్యాయి. "ఏం గాదు పెద్దనాయనా" అన్నాడు. రెండోసారి అదే మాట మెల్లగా అన్నాడు. మూడోసారి పానా కింద పెట్టి, వెల్డింగు మనిషి నంబరు వెతికాడు.

ఇంటామె ఫోన్ చేసి, "ఏమయ్యా, మూడో గేరు పడ్డదా?" అంది. నూనె లేని బండిని కదపకూడదని, ఏ గేరూ వేయలేదని చెప్పాను. "మరి పొద్దటి నుంచి ఏం చేసినవ్?" అంది. మాట్లాడానని చెప్పలేక, సిగ్నల్ లేదని ఫోన్ పెట్టేశాను.

నాలుగు రోజులుగా బండి అక్కడే ఉంది. రేపు వెల్డింగు మనిషి వచ్చి ఆ బోల్టు నెత్తిన ఒక నట్టు అతికించి తిప్పుతాడట. వేడికి గేర్‌బాక్సు పగిలితే ఇంటామె తీర్పు అమలవుతుంది. కొత్త బండ్లకు జీవితాంతం గేర్ ఆయిల్ మార్చనక్కర్లేదని షెడ్డులో ఎవరో అన్నారు. ఎవరి జీవితమో చెప్పలేదు.

ఉస్తాద్ ఆ బోల్టు నాకు దాచమని ఇస్తున్నాడని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, అది చేతిలో ఉన్నంతసేపు నేను వేరే దిక్కు చూసేవాణ్ణి కాదు. మొన్న రెండు చేతులూ తిప్పుతూ ఆయన కథ చెప్పాను, రెండూ ఖాళీవేనని గమనించలేదు. రేపు నోరు మూసుకుని బండి పక్కన చెయ్యి చాపి నిలబడదామని ఉంది. కాని ఆ అరచేతిలో పై బోల్టు పెట్టాలని ఈ రోజుల్లో ఎవరికి తెలుసు? ముసలాయనకు చాయ్ కావాలేమో అనుకుంటారు.